సమార్ దీవి గంట

అమెరికాలో, అరోరా అనే ఊళ్లో మేం అద్దెకున్న ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. వింటే నవ్వుతారు గాని, ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు అన్నిటికన్నా కరువైంది అదే. కిటికీలన్నీ బిగించి ఉండేవి. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బుస్సున మొదలై బుస్సున ఆగేది. పాలవాడి సైకిలు బెల్లు, పక్కింటి రేడియో, పంపు దగ్గర బిందెల మోత, వీధిలో ఎవరో ఎవరినో పేరు పెట్టి కేకెయ్యడం, ఇవేవీ లేకుండా తెల్లవారితే నాకు తెల్లవారినట్టే ఉండేది కాదు. మా ఆయనతో చెబితే, "హాయిగా ప్రశాంతంగా ఉంది కదా, ఇంకేం కావాలి?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ప్రశాంతత కోసం ఇంత దూరం రానక్కర్లేదు, మా ఊరి శ్మశానంలో కావలసినంత ఉంది అనేదాన్ని.

ఈ బాధ అర్థమైన మనిషి ఒక్కతే దొరికింది. ఆవిడది మన దేశం కాదు. నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఫిలిప్పీన్స్ ఆవిడ. ఇద్దరం పొద్దస్తమానం మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టుకుని రక్తం స్లైడ్లు చూసేవాళ్లం. మధ్యాహ్నం నా డబ్బా తెరిస్తే ఇంగువ వాసన, ఆవిడ డబ్బా తెరిస్తే ఎండుచేపల వాసన. బ్రేక్ రూమ్‌లో మిగతావాళ్లు ఏమీ అనేవారు కాదు, మర్యాదగా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవారు. దాంతో మేమిద్దరమే వెనక మెట్ల మీదికి మకాం మార్చాం. పుట్టు శాకాహారిని, ఆ ఎండుచేపలకు అలవాటు పడడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇంగువకు అలవాటు పడడానికి ఆవిడకు ఎంత పట్టిందో తెలియదు, పాపం ఎప్పుడూ అనలేదు. నేను మాత్రం అన్నాను, చాలాసార్లు.

ఒకరోజు ఆ మెట్ల మీద కూర్చుని నా చప్పుళ్ల కరువు గురించి ఏకరువు పెడుతుంటే, ఆవిడ చాలాసేపు విని, "మా ఊళ్లో పొద్దున్నే చర్చి గంట మోగాలి" అంది. "ఇప్పుడేదో వేరే గంట ఉందిలే. అసలు గంటల్ని మీవాళ్లు పట్టుకొచ్చేశారు."

"మావాళ్లా? మావాళ్లు మీ ఊరెందుకొస్తారు?" అన్నాను.

"నువ్వు సిటిజన్‌షిప్‌కి అప్లై చేశావుగా. ఆ గంటల్లో ఇక నీకూ వాటా ఉన్నట్టే. నేను రెండేళ్ల కిందటే తీసుకున్నాను. మా ఊరి గంట నేనే ఎత్తుకొచ్చినట్టు అయింది."

నవ్వుతూనే అంది. తర్వాత మొత్తం చెప్పింది.

ఆవిడ ఊరు సమార్ అనే దీవిలో సముద్రం ఒడ్డున ఉంది. అప్పటికి ఎనభై ఏళ్ల కిందట వాళ్ల దేశాన్ని అమెరికా ఆక్రమించుకున్నప్పుడు ఆ ఊళ్లోకి ఒక దళం వచ్చి దిగింది. మొదట బాగానే ఉన్నారట. సాయంత్రాలు ఊరి మగవాళ్లతో కూర్చుని కల్లు కూడా తాగారట. తర్వాత ఏం అనుమానం వచ్చిందో, దొరికిన మగవాళ్లనల్లా పోగుచేసి రెండు గుడారాల్లో కుక్కారు. పగలంతా ఎండలో చాకిరీ, రాత్రి కాళ్లు చాపుకునే చోటు లేదు. ఇళ్లలో దాచుకున్న బియ్యం లాక్కున్నారు. ఊరు నోరు మెదపలేదు. ఒక శనివారం నాడు ఆడవాళ్లు కొందరు చిన్న చిన్న శవపేటికలు మోసుకుంటూ చర్చికి వచ్చారు. కలరాతో పిల్లలు పోయారన్నారు. కాపలావాడు ఒక పెట్టె మూత ఎత్తి, లోపల పసిపిల్ల ముఖం చూసి, గబుక్కున మూసేశాడట. మిగతా పెట్టెల్లో ఉన్నవి కత్తులు. ఆ ఆడవాళ్లలో చాలామంది ఆడవేషం కట్టిన మగవాళ్లు. మర్నాడు పొద్దున సైనికులు తుపాకులు పక్కన పెట్టి టిఫిన్ తింటుండగా చర్చి గంట మోగింది. ఊరి మగవాళ్లంతా ఒక్కసారిగా మీద పడ్డారు.

సైనికుల్లో చాలామంది అక్కడికక్కడే పోయారు. ఆ తర్వాత వచ్చిన సైన్యం ఆ ఊరిని తగలబెట్టింది, చుట్టుపక్కల ఊళ్లను తగలబెట్టింది, దొరికినవాళ్లను దొరికినట్టు చంపింది. వెళ్తూ వెళ్తూ గంటల్ని తీసుకుపోయింది. ఇదంతా ఆవిడ ఎంత మామూలుగా చెప్పిందంటే, చెబుతూ చెబుతూనే చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. నా పప్పన్నం చల్లారిపోయింది.

వాళ్ల అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్ల భాషలో అమ్మమ్మను లోలా అంటారు. దాడికి ముందు రోజే ఆడవాళ్లనూ పిల్లలనూ కొండ మీదికి పంపించేశారు గనక లోలా బతికింది. ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది. చూపు పోయింది, మంచం దిగలేదు. చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఈ మధ్య ఇంటినుంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట: పోయేలోగా ఆ గంట ఒక్కసారి వినాలని లోలా అడుగుతోంది. మనవరాలు అమెరికాలోనే ఉంది కదా, వెళ్లి వినిపించమనండి అంటోంది. ఎందుకని అడిగితే చెప్పదట. ఊరి పౌరుషం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆవిడా అదే అనుకుంది, నేనూ అదే అనుకున్నాను.

ఆ గంటల్లో రెండు వయోమింగ్‌లో ఒక సైనిక స్థావరంలో ఉన్నాయని ఆవిడ ఎక్కడెక్కడో వాకబు చేసి తెలుసుకుంది. ఒక్కసారి మోగించి కేసెట్‌లో రికార్డు చేసుకోనివ్వమని ఉత్తరం రాసింది. చూడడానికి రావచ్చు, మోగించడానికి వీల్లేదు అని జవాబు వచ్చింది. ఆ జవాబును మడత పెట్టి కోటు జేబులో పెట్టుకుని నెలరోజులు తిరిగింది. మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా తీసి చదివేది, చదివితే అందులో మాటలు మారతాయేమో అన్నట్టు. నాకు చూడబుద్ధి కాలేదు.

సరిగ్గా ఆ వేసవిలోనే మా అత్తయ్య వచ్చింది. ఆరు నెలల వీసా మీద, గోదావరి జిల్లా నుంచి, రెండు సూట్‌కేసులు, ఒక మరచెంబుతో. ఆ ఇత్తడి మరచెంబు ఆవిడ విమానంలో కూడా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. ఎక్కడికి వెళ్లినా అందులో నీళ్లే తాగాలి, మూత మరలు తిప్పి బిగించి మళ్లీ చంకలో పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో నీళ్లు ఇస్తే "చచ్చిన నీళ్లు" అనేది. వచ్చిన మర్నాటి నుంచే మా ఇల్లు మారిపోయింది. తెల్లారగట్ల పూజ గంట, స్తోత్రాలు, గిన్నెల మోత, ఇండియాకు ఫోన్ చేస్తే అటువైపు ఫోన్ లేకపోయినా వినిపించేంత గొంతు. "చప్పుడు కావాలన్నావుగా" అన్నారు మా ఆయన, పేపరు చాటున నవ్వుతూ. నాకు కావలసిన చప్పుడు ఇది కాదని ఆయనకు ఎలా చెప్పను!

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అత్తయ్యకూ బెంగ ఉండేది. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ, "ఒక్క మనిషీ నడవడేవిటే అమ్మాయ్, ఊరంతా ఎక్కడికి పోయారు?" అని అడిగేది. అందరూ ఇళ్లలోనే ఉన్నారంటే నమ్మేది కాదు.

మా ఆయన ఆవిడను, నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే ఎల్లోస్టోన్ పార్కుకి తీసుకెళ్దామని ప్లాన్ వేశారు. మ్యాప్ చూస్తే హైవే ఎనభై మీద తిన్నగా వయోమింగ్‌లోకే వెళ్తుంది. నేను మా ఫిలిప్పీన్స్ ఆవిడను కూడా రమ్మన్నాను. "మోగించకపోతే పోయె, చూసి రా. చూశానని మీ లోలాతో కేసెట్‌లో చెప్పు" అన్నాను. అప్పట్లో మేమందరం ఇంటికి ఉత్తరాల బదులు కేసెట్లే పంపుకునేవాళ్లం. ఆవిడ వెంటనే బయల్దేరింది, కొత్త టేప్ రికార్డర్ కొనుక్కుని మరీ.

స్టేషన్ వ్యాగన్‌లో వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అత్తయ్య తెలుగులో అడుగుతుంది, ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంది, ఇద్దరూ తలలూపుతారు. అయోవా దాటేసరికి ఆవిడకు ఎంతమంది అన్నదమ్ములో, ఎందుకు పెళ్లి కాలేదో అత్తయ్యకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నెబ్రాస్కాలో మోటెల్‌లో ఆగాం. పొద్దున ఆరింటికి, మేం ఇంకా దుప్పట్లు తియ్యకముందే, అత్తయ్య బాత్రూమ్‌లో కరెంటు స్టవ్ పెట్టి దారికి పులిహోర కలపడానికి పూనుకుంది. నూనెలో ఎండుమిరపకాయలు వేసిందో లేదో, పొగ పైకి లేచి సీలింగ్ మీద అలారం చెవులు పగిలేలా మోగింది. మోటెల్ మొత్తం లేచింది. పైజామాలతో, నైట్‌గౌన్లతో, చంటిపిల్లలతో అందరూ పార్కింగ్ లాట్‌లోకి వచ్చి నిలబడ్డారు, దగ్గుకుంటూ. మేనేజర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. అత్తయ్య మాత్రం వాకిట్లోకి వచ్చి, "అదేవిటర్రా, తాలింపు వేస్తే ఊరంతా లేస్తారా ఇక్కడ?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నిమిషం నుంచి నేను అత్తయ్యతో మాట్లాడడం మానేశాను. ఎదురు చెప్పే ధైర్యం లేదు, ఆ రోజుల్లో ఎవరికీ ఉండేది కాదు. మూతి ముడుచుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఆవిడ ఏదైనా అడిగితే మా ఆయన వైపు చూసేదాన్ని, ఆయన జవాబు చెప్పేవారు. పులిహోర కూడా తినలేదు. చాలా బాగుందని మిగతా ఇద్దరూ అన్నారు.

స్థావరం గేటు దగ్గర మా ఫిలిప్పీన్స్ ఆవిడ తన ఉత్తరం చూపించింది. మా ఆయన కారు దగ్గరే ఉండిపోయారు, మేం ముగ్గురం ఆడవాళ్లం లోపలికి వెళ్లాం. మాతో ఒక సార్జెంట్ వచ్చాడు. మీసాలు నెరిసి, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. నడుస్తూనే చెప్పాడు: చూడొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు, ముట్టుకోకూడదు, అది రూల్. నేను తలూపాను. ఇది వెనక్కి తిరిగి అత్తయ్యకు తెలుగులో చెప్పవలసింది నేనే. నేను మాట్లాడడం లేదు కదా, చెప్పలేదు.

పెద్ద మైదానం, ఎండ, ఆ ఎండలో కూడా చెవులు గింగురుమనే గాలి. ఒక ఇటుక గోడ, అందులో రెండు గంటలు వేలాడుతున్నాయి. నేను ఊహించుకున్నంత పెద్దవి కావు. ఇద్దరు మనుషులు మోసుకుపోగలిగేంత. పాచిరంగు పట్టి ఉన్నాయి. వాటికోసం అంత దూరం నుంచి వచ్చిన మనిషి పది అడుగుల అవతలే ఆగిపోయింది. ముందుకు కాలు పడడం లేదు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను.

"మావాళ్లు టిఫిన్ తింటుండగా చంపారు" అన్నాడు సార్జెంట్. కోపంగా అనలేదు, గంటల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "నా కంటే చిన్నవాళ్లు అందరూ."

"తెలుసు" అంది ఆవిడ. "మా ఇంట్లో పోయినవాళ్లు కూడా చిన్నవాళ్లే."

 ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని శిలువ గుర్తు వేసుకుంది. నేను టేప్ రికార్డర్ రెండు చేతులతో పట్టుకుని ఎర్ర బటన్ నొక్కాను. ఆవిడ వాళ్ల భాషలో లోలాతో మాట్లాడడం మొదలుపెట్టింది. అర్థం కాకపోయినా తెలుస్తూనే ఉంది, గంటలు ఎలా ఉన్నాయో చెబుతోంది, తను మోగించలేకపోయానని చెబుతోంది. మాట మధ్యలో ఏడ్చేసి ఆగిపోయింది. టేపు తిరుగుతోంది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఈ గాలే పంపిస్తాం కాబోలు లోలాకు అనుకున్నాను, నాకే ఏడుపొచ్చింది.

మా వెనక అత్తయ్య ఏం చేస్తోందో నేను చూడలేదు. తర్వాత ఆవిడే చెప్పింది. ఆ పిల్ల మోకరిల్లి ఏడుస్తోంది, గంట వేలాడుతోంది, ఇది గుడే అయి ఉంటుందనుకుంది. మేజోళ్లతో సహా చెప్పులు విప్పి గడ్డి మీద పెట్టింది. ముందుకొచ్చి గంట లోపలికి తొంగిచూసింది. కొట్టడానికి లోపల నాలుక లేదు. తాడు కోసం అటూ ఇటూ చూసింది, అదీ లేదు. ఇక చంకలో మరచెంబు తీసి, కొంగు భుజం మీద సర్దుకుని, బలంగా ఒక్కటి కొట్టింది.

ఖంగుమంది. నా చేతుల్లో రికార్డర్ అదిరింది.  ఆ మోత గోడ దాటి మైదానంలోకి వెళ్లింది. దూరంగా నడుస్తున్న ఇద్దరు సైనికులు ఆగి ఇటు తిరిగారు. మోత సన్నబడుతూ, సన్నబడుతూ, పోయిందనుకున్నాక కూడా కాసేపు ఉంది. చివరికి ఆగింది. అత్తయ్య కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ పిల్ల కోరిక తీర్చు" అని రెండు చేతులూ జోడించింది.

"మేడమ్!" అని అరిచాడు సార్జెంట్.

నేను మధ్యలోకి వెళ్లి ఏదేదో వాగాను. మా దేశంలో గంట కనిపిస్తే దేవుడికి వచ్చామని చెప్పడానికి కొడతాం, ఆవిడకు ఇంగ్లీషు రాదు, తప్పు నాది, ఆవిడకు రూల్ చెప్పలేదు. సార్జెంట్ అత్తయ్యనూ, మరచెంబునూ, గడ్డి మీద చెప్పుల్నీ మార్చి మార్చి చూశాడు. గంట దగ్గరికి వెళ్లి, దెబ్బ తగిలిన చోట వేలితో తడిమాడు. చెంబుకే సొట్ట పడింది, గంటకేమీ కాలేదు. నా చేతిలో తిరుగుతున్న టేపు కూడా ఆయన చూశాడు. లాక్కుంటాడని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పద్నాలుగేళ్లుగా దీని పక్కనుంచి నడుస్తున్నాను" అన్నాడు. "దీని గొంతు ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను." తర్వాత గొంతు మార్చి, "మీ విజిట్ అయిపోయింది, ఇక వెళ్లండి" అన్నాడు. గేటు దాకా మాతో వచ్చాడు. టేపు ఊసెత్తలేదు.

 కారెక్కాక మా ఫిలిప్పీన్స్ ఆవిడ అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని, సొట్ట పడ్డ చెంబును కళ్లకద్దుకుని, బావురుమంది. "ఏవిటే ఇది, నేనేం చేశాను?" అని అత్తయ్య కంగారుపడింది. అప్పుడు ముడిచిన మూతి విప్పి నేను మొత్తం చెప్పాను. గుడారాలు, పెట్టెలు, కత్తులు, గంట, లోలా. అత్తయ్య నోరు తెరుచుకుని వింది. అంతా విని నా మీద విరుచుకుపడింది.

"ముందే చెప్పేడవచ్చుగా! ఒక్కటే కొట్టానే! కారు తిప్పమను, ఇంకో రెండు కొట్టొస్తాను."

మా ఆయన కారు తిప్పలేదు. నాకు మాత్రం దారి పొడుగునా ఒకటే ఆలోచన. ముందే చెప్పి ఉంటే ఆవిడ అసలు కొట్టేదే కాదు. రూల్ అంటే అత్తయ్యకు భయం, పార్కులో గడ్డి మీద కూడా కాలు పెట్టేది కాదు. నా మొండితనం వల్ల ఒక మంచి పని జరిగింది. నా జీవితంలో అలా జరిగింది అదొక్కసారే.

ఎల్లోస్టోన్ చూశాం. నీళ్లు ఆకాశంలోకి ఎగజిమ్మాయి. అత్తయ్యకు పెద్దగా నచ్చలేదు. మా ఫిలిప్పీన్స్ ఆవిడ అయితే అటు చూసిందో లేదో కూడా తెలియదు, టేపు డబ్బాను పర్సులో పెట్టుకుని పర్సును గుండెకు హత్తుకుని తిరిగింది. అరోరా చేరిన మర్నాడే పోస్టులో వేసింది. ఇక ఎదురుచూపులు. మెట్ల మీద రోజూ నేను అడగడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. ఇంట్లో అత్తయ్య, "ఆ ముసలావిడ విందిటా?" అని అడగడం. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. టేపు సముద్రాలు దాటి దీవికి చేరేలోగా ఏమైనా కావచ్చు. ఆ మాట మేం ముగ్గురం అనుకున్నాం, ఒకరితో ఒకరం అనలేదు.

ఆకులు రంగు మారుతున్న రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. చేతిలో కేసెట్ ఉంది. ఒక్కదాన్నే వినలేను అంది. అత్తయ్య ఇండియా వెళ్లడానికి మూడు వారాలుంది, సూట్‌కేసులు సగం సర్ది ఉన్నాయి. వంటింటి బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. టేపులో వాళ్లమ్మ మాట్లాడుతోంది. ఆవిడ కాస్త విని, ఆపి, నాకు ఇంగ్లీషులో చెబుతుంది. నేను అత్తయ్యకు తెలుగులో చెబుతాను.

లోలాకు స్నానం చేయించి, తెల్ల బట్టలు కట్టి, వీధిలో వాళ్లందరినీ పిలిచారట. టేపు పెట్టారట. ముందు మనవరాలి మాటలు, తర్వాత గాలి, తర్వాత గంట. మోగగానే జనం కేకలు పెట్టారట, చప్పట్లు కొట్టారట. లోలా చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. మళ్లీ మొదటినుంచి పెట్టించుకుంది. మోత సన్నబడి పూర్తిగా ఆగేదాకా తల పక్కకు వంచి వింది. ఆగాక, "తలుపు తియ్యండి" అంది. తలుపు తీసే ఉందన్నారు. "పెరటి తలుపు. కొండవైపుది" అంది.

మా ఫిలిప్పీన్స్ ఆవిడ టేపు ఆపి, మొహం తుడుచుకుని, మళ్లీ పెట్టింది.

ఆ తర్వాత లోలా చెప్పిన సంగతి ఇన్నేళ్లూ కన్నకూతురికి కూడా చెప్పలేదట. కొండ మీదికి పంపించేటప్పుడు వాళ్ల నాన్న ఆవిడను దగ్గరికి తీసుకుని, రేపు పొద్దున గంట మోగుతుంది, భయపడకు, అది ఆగాక వచ్చి నిన్ను ఇంటికి తీసుకెళ్తాను అన్నాడట. పొద్దున గంట మోగింది. గంటతో పాటు కింద ఊళ్లోంచి అరుపులు. తొమ్మిదేళ్ల పిల్ల భయపడి రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. చేతులు తీసేసరికి ఏ చప్పుడూ లేదు. నాన్న రాలేదు. గంట ఆగడం నేను వినలేదు, అందుకే నాన్న రాలేదు అనుకుంది. పెద్దయ్యాక అది పిచ్చి అని తెలుసు. తెలిసినా ఎనభై ఏళ్లూ అదే అనుకుంది. ఆవిడకు కావలసింది గంట ఆగడం వినడం.

 ఇది తెలుగులో ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పాను. అత్తయ్య కళ్లు తుడుచుకోలేదు, నన్నే చూస్తూ వింది.

"వచ్చాడుటా?" అంది.

ఏమంటున్నారని మా ఫిలిప్పీన్స్ ఆవిడ అడిగింది. ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మళ్లీ టేపు పెట్టింది. వాళ్లమ్మ గొంతు ఇంకో నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది. ఆ తర్వాత ఖాళీ టేపు తిరిగే చప్పుడు.

"పెరటి తలుపు తీశారట" అంది ఆవిడ. "లోలా కాసేపు అటు తిరిగి కూర్చుందట. మధ్యాహ్నం అన్నం తెస్తే, ఇద్దరికీ పెట్టమందిట."

నేను చెప్పాను. అత్తయ్య చేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి ఆ చెయ్యి తీసి అడిగింది.

"పెట్టారుటా?"

"పెట్టారట" అన్నాను.